నల్లకోటు విప్పిన వీరుడిపై నా ఉపన్యాసం

ఆదివారం, ఎడిసన్, అమెరికా

నిన్న ఇక్కడి తెలుగు సభలో ఆ స్వాతంత్ర్య వీరుడి జీవితం చెప్పాను. లాయరు. నల్లకోటు విప్పి దేశం కోసం తుపాకీ పట్టాడు, స్వతంత్రం వచ్చాక మంత్రి అయ్యాడు. ఆవేశం ఆగక, "మనమూ పట్టాలి తుపాకీ!" అని అరిచాను. ఇక్కడ పుట్టిన పిల్లలకు అర్థం కావాలని సభ నడిపే సుధ ఆంటీ నా ఉపన్యాసం వీడియోకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసి అందరికీ పంపింది.

రూమ్మేట్ వంశీ చూసి, "రేయ్, స్టూడెంట్ వీసా మీద ఉండి గన్ పట్టమంటావా? పోలీసులు ఎత్తుకెళ్తార్రా నిన్ను!" అన్నాడు.

అప్పట్నుంచి తలుపు ఎవరు తట్టినా గుండె జారిపోతోంది. ఆయన జైలుకెళ్ళిన కథ కరపత్రాల్లో చదివి ఎంత పొంగిపోయేవాణ్ణి! నేనేమో, "ఆంటీ, వీడియోలో నా పేరు తీసేయండి, ప్లీజ్" అని మెసేజ్ పెట్టాను.

ఇప్పుడే జవాబొచ్చింది: "తీసేశాను నాన్నా. ముఖం మాత్రం ఉంచాను, చక్కగా కనిపిస్తున్నావు."