చెయ్యి పెట్టి చెప్పాల్సిన పేరు

అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరిదీ కులాసా. మా ఇంట్లో ఉంటున్న నీ మొగుడికి కూడా ఒంట్లో నలత లేదు, ముద్ద దిగడం లేదంతే. ఆ సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నువ్వడిగినదానికి జవాబు. విమానంలో పీల్చే గాలి ఎక్కణ్ణుంచి వస్తుందని కదూ? చాలావాటిలో ఇంజన్లోంచే. ముందుభాగంలో ఉండే కంప్రెసర్ గాలిని నొక్కి నొక్కి పంపుతుంది. ఇంధనం మండే చోటికి చేరకముందే అందులో కొంత పక్కకి తీస్తారు. దాన్నే బ్లీడ్ అంటాం. చల్లార్చి ప్రయాణికులు కూర్చునే క్యాబిన్ దాకా పంపే వాటా కస్టమర్ బ్లీడ్. ఇంజన్ చేసినవాళ్ల లెక్కలో విమానమే కస్టమర్ మరి. రెండోది హ్యాండ్లింగ్ బ్లీడ్. వేగం మారేటప్పుడు ఇంజన్ ఉక్కిరిబిక్కిరి కాకుండా బయటికి వదిలేసేది. కొన్ని కొత్త విమానాలైతే క్యాబిన్ కోసం ఇంజన్ గాలి తీసుకోవడమే మానేశాయి. ఈ పేర్లన్నీ నాకు నేర్పింది బావగారే. "పేరు నోటికి రావడం కాదు మరదలు పిల్లా, చెప్పేటప్పుడు చెయ్యి దాని మీద ఉండాలి" అనేవారు.

మేమిద్దరం విమానాలు బాగుచేసే హ్యాంగర్లో పద్ధతీ అదే. మరమ్మతు జరిగేటప్పుడు గాలి దారులకి ఎర్ర మూతలు పెడతాం. ఇంజన్ నడిపి చూసే ముందు నేను కింద నిలబడి ఒక్కో పేరు చదవాలి. పైనున్న బావగారు ఆ చోట చెయ్యి పెట్టి, పేరు తిరిగి చెప్పి, "తీశాను" అనాలి.

పోయిన వారం "కస్టమర్ బ్లీడ్" అన్నాను. "కస్టమర్ బ్లీడ్, తీశాను" అన్నారు. "హ్యాండ్లింగ్..." అంటుండగానే ఎక్కం అప్పజెప్పినట్టు జవాబొచ్చేసింది. తలెత్తి చూస్తే రెండు చేతులతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. అడగబోయాను. నేర్పినాయన్ని ఏం అడుగుతాంలే అని ఊరుకున్నాను.

తర్వాత ఫిట్టరు ఇంజన్ తలుపులు మూసేశాడు. నడిపించి వేగం పెంచగానే ఫిరంగి పేలినట్టు చప్పుడు, వెనకనుంచి మంట. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఇంజన్ పాడయింది. విప్పి చూస్తే హ్యాండ్లింగ్ బ్లీడ్ మూత ఉన్నచోటే ఉంది.

విచారణలో బావగారు, "నేను తీశాను. తలుపులు మూసేటప్పుడు ఫిట్టరే మళ్లీ పెట్టుంటాడు" అన్నారు. ఆ ఫిట్టరు నిలువునా నీరైపోయాడు. అతనికి సాక్ష్యం లేదు, నేను తప్ప.

అక్కా, ఇంత చాంతాడు ఉత్తరం రాసింది ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాకే. "మీరు పేరు చదివినప్పుడు ఆయన చెయ్యి ఎక్కడుంది?" అని అధికారి నన్నడిగాడు. "కళ్లద్దాల మీద" అన్నాను. చూసి కూడా ఊరుకున్నానని చెప్పాను. నన్ను మందలించి వదిలేశారు. బావగారిని ఉద్యోగంలోంచి తీసేశారు. వచ్చే వారం సెలవు మీద వస్తున్నానని నీకు రాశారని నీ మరిది చెప్పారు. అది సెలవు కాదు.

బయటికొచ్చాక "ఇంట్లో మనిషివి కదమ్మా" అన్నారు. అంతే, మళ్లీ నాతో పలకలేదు. ఒకే ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడకుండా తిరుగుతున్నాం.

నిన్న ఆ ఫిట్టరు భార్యని వెంటబెట్టుకుని నాకు దండం పెట్టిపోదామని వచ్చాడు. తలుపు తీసింది బావగారే. గడప దగ్గర అతన్ని చూసి, "తీయలేదయ్యా, నేనే తీయలేదు" అన్నారు. అని అక్కడే కూలబడి ఏడ్చారు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

వచ్చాక నీకు సెలవనే చెబుతారేమో, చెప్పనీ. ముందు అన్నం పెట్టు. నీ కోపమంతా నా మీద చూపించు. తిడుతూనైనా రెండు ముక్కలు రాయి. నువ్వు కూడా పలకడం మానేస్తే నేను తట్టుకోలేను.

ఇట్లు,
ఇంకా నీదాన్నే అనుకుంటున్న
చెల్లెలు