పాప ఉన్న చోటు

మా ఇంటావిడకు,

ఇక్కడ నేను కులాసా, అక్కడ మీరంతా కులాసాయే అనుకుంటాను. అత్తయ్యగారు కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచారని చదివి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కాలు పూర్తిగా కుదుటపడేదాకా నువ్వక్కడే ఉండు, నా గురించి బెంగపెట్టుకోకు.

అడిగినవన్నీ వరసగా చెబుతాను. వంటింటి కుళాయి కారడం ఆగలేదు. నేను బాగుచేశాక ఇంకాస్త ఎక్కువైంది. నీ చీరలు ఎండలో వేసి తీశాను. వంటంటావా, ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండేసిసార్లు వేస్తున్నాను. పక్కింటి పిన్నిగారు జాలిపడి అప్పుడప్పుడూ ఓ గిన్నె పంపుతున్నారు. నేను చిక్కిపోయానని మీ అన్నయ్య చెప్పాడట, ముందు ఆయన్ని కళ్లద్దాలు మార్చుకోమను.

ఇక ఆఖరి ప్రశ్న. "వచ్చే ఆదివారం వస్తున్నాను. ఆరేళ్లుగా ధైర్యం చాల్లేదు. మీరు నెలనెలా వెళ్తున్నారు కదా, ఈసారి నన్నూ పాప సమాధి దగ్గరికి తీసుకెళ్లండి" అని రాశావు. ఆ మాట దగ్గరే ఆగిపోయి నాలుగు రోజులైంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు "ఊఁ" అంటావు, నేను మాట మార్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసు పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఊళ్లోని రోడ్లు, కాలవలు, శ్మశానంలో సమాధులు, అన్నీ మా మ్యాప్ సర్వర్‌లో ఉంటాయి, ఒక్కో సమాధికి ఒక్కో నంబరు చుక్క. ఒక్కో పటానికి సమాచారం ఎక్కణ్ణుంచి తేవాలో చెప్పే అమరికను డేటా స్టోర్ అంటాం. మొన్నటి వానలకు పసిపిల్లల వరసలు కుంగిపోతే, మట్టి పోసి చదును చేయడానికి నంబరు పలకలన్నీ పీకేశారు. మ్యాప్ ఉంది కదా, చూసి మళ్లీ పాతుదామని చెప్పింది నేనే. కొత్త వరసలు గీసి చూసుకోవడానికి ఆ డేటా స్టోర్‌కు నకలు తీశాను. దానికి "ప్రయోగం" అని పేరు పెట్టి, అందులో చుక్కలన్నీ చెరిపేశాను. నకలైంది అమరిక ఒక్కటే. రెండూ తెచ్చేది ఒకే చోటునుంచి, అందుకే అసలు చుక్కలే చెరిగిపోయాయి. ఇంటికి రెండో తాళంచెవి చేయించి, రెండో ఇల్లు కట్టాననుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత గానీ నాకా సంగతి తెలియలేదు. మా దగ్గర వారం దాటిన బ్యాకప్ ఉండదు. పాత రిజిస్టరు చెదలు పట్టిందని ఎప్పుడో పారేశారు. నూట నలభై మంది పిల్లలు. వాళ్లలో మన పాప ఒకతె.

నెలనెలా వెళ్లేవాడికి చోటు గుర్తుండదా అంటావు. నేను వెళ్లలేదు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. రెండు రోజుల పాపను మట్టికి అప్పగించిన నాడు నువ్వు ఆస్పత్రి మంచం మీద ఉన్నావు. నేను గుంత వైపు చూడలేక నా చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత రోజూ ఆఫీసులో తెర మీద అరవై ఒకటో చుక్కను చూసుకునేవాణ్ణి. చూశాను కదా, వెళ్లినట్టే అనుకునేవాణ్ణి. నీకేమో గడ్డి పీకాననీ, కాసేపు కూర్చుని వచ్చాననీ చెప్పేవాణ్ణి. అన్నీ కోతలే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"ఏదో ఒక చోటు చూపించెయ్యండి సార్. అమ్మగారికేం తెలుస్తుంది, మట్టి మట్టే కదా" అన్నాడు శ్మశానం కాపరి. ఆ పనీ చేశాను, వేరొకావిడ దగ్గర. మొన్న తన బిడ్డ చోటు అడిగితే నోటికొచ్చిన వరస చెప్పాను. ఆవిడ అక్కడే కూలబడి, మట్టిని నిమురుతూ చాలాసేపు మాట్లాడింది. వెళ్తూ వెళ్తూ "చల్లగా ఉండు బాబూ" అంది.

నీ దగ్గర అలా చేయలేను. నిన్నక్కడే ఉండమన్నది అత్తయ్యగారి కాలు కోసం కాదని ఈపాటికి నీకర్థమయ్యే ఉంటుంది. ఆఫీసులో ఇంకా ఎవరికీ తెలియదు, రేపు చెప్పేస్తాను. చెప్పినంత మాత్రాన ఆ చుక్కలు తిరిగి రావు. నువ్వొస్తే గేటు దాకా తీసుకెళ్లగలను. లోపల ఎక్కడ కాలు పెట్టకూడదో నాకు తెలియదు.

ఇట్లు,
పాప నాన్న