ఉప్పు బంగళాలో నెమలి మెట్లు

ఎస్తేరూ, ఎట్లా ఉన్నావు?

నువ్వు పోయి ఏడాది దాటింది. నేను బాగానే ఉన్నాను. కుశలాలు అయిపోయాయి, ఇక నా ఫిర్యాదు విను. నువ్వు బతికుండగా ఎన్నోసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా నవ్వి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి లోపలికి పోయేదానివి. అక్కడ పొయ్యి లేదు కదా... కూర్చుని విను.

ఆదివారం వస్తే నా బూట్లు నువ్వెందుకు తొడుక్కున్నావు? నన్ను బయట ఎందుకు నిలబెట్టావు?

రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి ఆసామి ఇచ్చిన రబ్బరు బూట్లు అవి. మోకాళ్ళ దాకా వచ్చేవి. పాము కాటేసినా కోర దిగదు. వారమంతా అవి నా కాళ్ళకి, ఆదివారం నీ కాళ్ళకి. ఊళ్ళో ఆడవాళ్ళు ఆరాధన అయ్యాక చుట్టాల ఇళ్ళకి పోతారు. నువ్వు ఎవరూ లేని ఇళ్ళకి పోయేదానివి. మోపెడ్ వెనక ఎక్కి, ఇవాళ ఫలానా పాడుబడ్డ కొంపకి పోనిమ్మనేదానివి. అక్కడ దిగి, నా బూట్లు విప్పించి, నువ్వు తొడుక్కుని, కుచ్చెళ్ళు ఎగదోపి లోపలికి పోయేదానివి. నేను బయట, వట్టికాళ్ళతో. కాలిన ఇసకలో.

ఇదంతా ఒక వానతో మొదలైంది, గుర్తుందా? గూడూరు నుంచి వస్తుంటే దారిలో పట్టుకుంది. మూతపడిన అభ్రకం షెడ్డు కనబడితే ఆగాం. నేను చూరు కింద మోపెడ్ పట్టుకుని నిలబడ్డాను. నువ్వు లోపలికి పోయావు. వాన వెలిసినా రాలేదు. వచ్చేసరికి నీ తల మీద, భుజాల మీద అభ్రకం తళుకులు. పెళ్ళినాడు కూడా నువ్వు అంత మెరవలేదు. మళ్ళీ ఆదివారం "అట్టాంటిది ఇంకేడన్నా ఉండాదా?" అని అడిగావు. ఉన్నాయి. ఎందుకు లేవు? మన వైపు ఇళ్ళు కట్టేవాళ్ళకంటే వదిలేసేవాళ్ళే ఎక్కువ. దొరవారిసత్రం దగ్గర కప్పు కూలిన రైలు క్వార్టర్లు. తుఫాను వస్తే దాక్కోమని కట్టి, తుఫానుకే పగిలిపోయిన షెల్టరు. కాలువ గట్టు మీద, తెల్లదొరల నాటి ఉప్పు ఆఫీసరు ఉండిన ఉప్పు బంగళా...

నేనూ వస్తానంటే "నువ్వు లోపలికి రాబాకయ్యా, నీ తుమ్ముకి గోడలు ఆగవు" అనేదానివి. నా తుమ్ము పెద్దదే, కాదనను. బర్రెలు కూడా తలెత్తి చూస్తాయి. అయినా గోడ కూలేంత తుమ్ము మనిషికి ఉంటుందా?

"నువ్వొస్తే తలుపులు లెక్కపెడతావు, ఏది పీక్కపోదామా అని" అనేదానివి. ఒక్కసారి, ఒక్క తలుపు చూసి బాగుందన్నాను. బాగున్నదాన్ని బాగుందనడం కూడా దొంగతనమేనా?

చర్చి అయ్యగారు నిన్ను పిలిచి, పాడుబడ్డ ఇళ్ళల్లో దయ్యాలుంటాయమ్మా అని మందలించారు. "ఉంటే వాటికి మాత్రం వాక్యం చెప్పేదెవరు అయ్యగారూ?" అన్నావు. ఆయన వారం రోజులు ఆలోచించి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పరువు పోయింది నాదే. దారిన పోయేవాళ్ళు ఆగి, ఏం మామా, బంగళా బేరం పెట్టినావా అనేవాళ్ళు. మా ఆడమనిషి లోపల ఉందంటే, ఏం చేస్తా ఉంది అని అడిగేవాళ్ళు. చూస్తా ఉంది అనేవాణ్ణి. ఏం చూస్తా ఉంది అంటే, మోపెడ్ తుడవడం మొదలుపెట్టేవాణ్ణి. రొయ్యలకి కాపలా కాస్తే కూలి ఇచ్చారు. కూలిపోయిన కొంపలకి కాపలా కాస్తే ఏమిచ్చారు?

కాదులే. నువ్వు ఇచ్చావు. అరగంటకో ముప్పావుగంటకో బయటికి వచ్చి, బూట్లు నా ముందు వదిలి, లోపల ఏముందో చెప్పేదానివి. ఎంత బాగా చెప్పేదానివి! రైలు క్వార్టర్ల గోడ మీద ఎవరో తమ బిడ్డ పొడుగు ఏటేటా బొగ్గుతో గీసి పెట్టారని, గీతలు ఒకచోట ఆగిపోయాయని చెప్పావు. ఆ బిడ్డకి ఏమయిందోనని ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. పులుసన్నం. అదీ మట్టగిడస చేప పులుసు.

ఉప్పు బంగళా నుంచి వచ్చిన రోజు అయితే... "లోపల కొయ్య మెట్లుండాయయ్యా. గుండ్రంగా తిరిగి మిద్దె మీదికి పోతాయి. చెయ్యి పట్టుకునే కొయ్యకి ఈ చివర నెమలి చెక్కి ఉండాది. ముక్కు కొంచెం ఇరిగింది."

ఆ విరిగిన ముక్కే నన్ను ముంచింది. అబద్ధం చెప్పేవాళ్ళు నెమలిని చెప్తారు గానీ ముక్కు విరిచి మరీ చెప్తారా?

ఇప్పుడు జరిగింది చెప్తాను. తిట్టబోకు.

పోయిన నెల చర్చిలో నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఒక్కొక్కరే లేచి నీ మీద సాక్ష్యం చెప్పారు. ఒకామె నీ ప్రార్థన గురించి, ఇంకొకామె నీ చేపల పులుసు గురించి. మీ అన్న యోబు లేచి, మా చెల్లెలు చిన్నప్పుడు చెరువులో తిమింగలం ఉందని చెప్పి ఊరంతటినీ పరుగెత్తించిందని చెప్పాడు. అందరూ నవ్వారు. నాకు మండింది. పోయిన మనిషిని దేవుని సన్నిధిలో కోతలమారిని చేస్తాడా? లేచి నిలబడ్డాను. నా భార్య అబద్ధం ఎరగదు, ఉప్పు బంగళాలో నెమలి మెట్లు కళ్ళారా చూసింది, ఆమె చూస్తే నేను చూసినట్టే అని, బైబిలు మీద చెయ్యి పెట్టి సాక్ష్యం చెప్పాను. చెయ్యి పెట్టమని ఎవరూ అడగలేదు. నేనే పెట్టాను.

ఆ కూడికకి అయ్యగారి చెల్లెలు విమల టీచరమ్మ గూడూరు నుంచి వచ్చి ఉంది. ఆమెకీ నీ పిచ్చే. సెలవు వస్తే నలుగురిని వెంటేసుకుని పాడుబడ్డ కట్టడాలు చూసి ఫోటోలు తీస్తుంది. చదువుకున్నవాళ్ళు చేస్తే దాన్ని అభిరుచి అంటారట. నువ్వు చేస్తే ఊళ్ళో తిక్క అన్నారు. మాకు ఆ మెట్లు చూపిస్తారా మామయ్యా అని అడిగింది. అందరూ చూస్తున్నారు... చూపిస్తానన్నాను.

అంతటితో ఆగిందా? మొన్న ఆదివారం అయ్యగారు ప్రకటనల్లో చదివేశారు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత దానియేలు గారు సంఘాన్ని ఉప్పు బంగళాకి తీసుకుపోతారు, పులిహోర పొట్లాలు స్త్రీల సమాజంవారు తెస్తారు అని. యోబు నా పక్కకి వంగి, బావా, ఆ లోపల నెమలి ఎగిరిపోకుండా చూసుకో అన్నాడు. ప్రార్థన మొదలైంది కాబట్టి బతికిపోయాడు.

దారి బాగు చేద్దామని మంగళవారం కత్తీ, ఆ బూట్లూ పట్టుకుని పోయాను. గుమ్మం దాకా ముళ్ళకంప కొట్టి, లోపలికి పోదామని బూట్లు తొడుక్కున్నాను. నేను కాపలా పని మానేశాక అవి నీవే అయిపోయాయి కదా. కాలి వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. నీ నీలం చీర పేలికలు. వదులుగా ఉన్నాయని ముందు కుక్కుకున్నావు. పీకి పారేద్దామనుకున్నాను. పారేయలేదు. వేళ్ళు ముడుచుకునే నడిచాను.

గుమ్మం దగ్గర ఆగి అటూ ఇటూ చూశాను. రాబాకయ్యా అనేవాళ్ళు లేరు. లోపలికి పోయాను. తుమ్మాను కూడా. గోడలు కదల్లేదు. అది గుర్తు పెట్టుకో.

ఎస్తేరూ, మెట్లు లేవు.

నాలుగు గదులూ తిరిగాను. గబ్బిలాలున్నాయి, మేక పెంటికలున్నాయి, సీసా పెంకులున్నాయి. దొంగలు ఊడబెరుక్కుని పోయారేమోనని గోడలు తడిమాను. ఒక్క గుర్తు లేదు. కప్పు చూశాను. ఎక్కడా సందు లేదు. పైకి దారే లేని ఇంట్లో మెట్లు ఎక్కి పోయేది ఎక్కడికి? కప్పుకి తల కొట్టుకోవడానికా? బైబిలు మీద పెట్టిన చెయ్యి ఒక్కటే చెమట పట్టింది.

నిన్ను నాలుగు మాటలు అన్నాను. పైకే అన్నాను. గబ్బిలాలు లేచిపోయాయి.

బయటికి రాబోతుంటే చివరి గదిలో, కిటికీ పక్కన, నాలుగు ఇటుకలు పేర్చి ఉన్నాయి. పైన ఒక నాపరాయి. గదంతా రెట్టలు, పెంకులు... ఆ కాస్త చోటు మాత్రం ఎవరో ఊడ్చి పెట్టుకున్నట్టు ఉంది. రాయి కూర్చుని కూర్చుని నునుపు తేలింది. వెనక గోడకి, తల ఆనేచోట, నూనె మరక. ఆ మరక నాకు తెలియదా? పెళ్ళయిన నాటి నుంచి దిండు మీద చూస్తున్నదే కదా.

నమ్మలేక మర్నాడు దొరవారిసత్రం పోయాను. గోడ మీద బొగ్గు గీతలు లేవు. ఆ బిడ్డే లేదు! మరి నేను వదిలేసిన పులుసన్నం సంగతేమిటి? అక్కడ కూడా కిటికీ దగ్గర ఇటుకలు, రాయి, నూనె మరక. నిన్న అభ్రకం షెడ్డుకి పోయాను. అక్కడా అంతే.

అంటే లోపల నువ్వు ఏమీ చూడలేదు. కూర్చున్నావు. ఊరికే గోడకి తల ఆనించి కూర్చున్నావు.

ఇంటికి వచ్చి వసారాలో కూర్చుంటే మన పాత సంసారం కళ్ళ ముందుకొచ్చింది. ఒకటే గది. మా అమ్మ, నా తమ్ముడూ వాడి భార్యా, పిల్లలు, వాన పడితే మేకలు కూడా. తెల్లారితే ఎస్తేరూ, పొద్దుగూకితే ఎస్తేరూ. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. "నీ గొంతు కాలవ అవతలికి ఇనపడతాది, నేను పక్కనే ఉండా, గమ్మునుండు" అనేదానివి. కాసేపు ఒంటరిగా, గమ్మున కూర్చోవడానికి దిక్కులేని కొంపలు వెతుక్కున్నావా? అదేదో నాతో చెప్పకూడదా?

చెప్తే ఏమనేవాణ్ణి... కూర్చోవడానికి పెట్రోలు తగలెయ్యాలా అనేవాణ్ణి. అనేవాణ్ణే. అందుకని బయటికి వచ్చి నాకు ఒక నెమలిని ఇచ్చావు. సరే. అది అర్థమయింది.

అర్థం కానిది ఇంకొకటి ఉంది. బంగళాలో ఆ రాయి మీద నేనూ కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే నేను మోపెడ్ ఆపి నిలబడే చోటు ఎదురుగా ఉంది. ఆ గదికి అవతల పక్క ఇంకో కిటికీ ఉంది. సర్వి చెట్ల తోపు నీడ అటే, సముద్రం గాలి అటే. నువ్వు ఎండ పక్క కిటికీయే పట్టుకున్నావు. క్వార్టర్లలోనూ అట్లాగే, షెడ్డులోనూ అట్లాగే. గాలి వచ్చే కిటికీ వదిలేసి ఉడుకులో కూర్చున్నావు. ఏం చూడటానికి? ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ, కొంగలాగా గెంతుతున్న మొగుణ్ణి చూడటానికా? నవ్వుకున్నావా?

ఎల్లుండే ఆదివారం. నేను తేల్చుకున్నాను. మెట్లు లేవు, చూడనిదానికి సాక్ష్యం చెప్పాను, దేవుడు నన్ను అడుగుతాడు, మీరు అడగబోకండి అని సంఘం ముందు చెప్పేస్తాను. యోబు గంతులేస్తాడు. వెయ్యనీ. పులిహోర ఎటూ ఉంది, తిని పోతారు.

విమల టీచరమ్మ మాత్రం వదలదు. గదులన్నీ తిరుగుతుంది. రాయి చూస్తుంది. మరి అత్తమ్మ ఇన్నేళ్ళు ఇక్కడ ఏం చేసేది మామయ్యా అని అడుగుతుంది. అందరూ వింటూ ఉంటారు. నా నోటికి జడిసి దాక్కునేది అని చెప్పాలా? నన్ను చూసుకుంటూ కూర్చునేది అని చెప్పాలా? మొదటిది చెప్పడానికి నోరు రాదు. రెండోది చెప్పాలని నోరు ఊరుతోంది. నువ్వు చెప్పకుండా నాకు నేనే చెప్పుకుంటే అది ఇంకో నెమలి అవుతుంది. బైబిలు మీద చెయ్యి ఇంకోసారి పెట్టలేను.

అందుకని నాకు జవాబు కావాలి. రేపు శనివారం దీపాలు పెట్టే లోపల. ఈ రాత్రి కలలో చెప్తావో, రేపు మధ్యాహ్నం కునుకులో చెప్తావో నీ ఇష్టం. పోయినవాళ్ళు మాట్లాడరని అయ్యగారు అంటారు. ఆయన నీతో కాపురం చేయలేదు.

దాక్కోవడానికే అయితే మెల్లగా చెప్పు, మాట పడతాను. నన్ను చూడటానికే అయితే కాస్త గట్టిగా చెప్పు. ఈమధ్య ఎడమ చెవి సరిగా వినబడటం లేదు.

నీ మొగుడు
దానియేలు