అరగని టైరు

మోటారు వాహనాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

సత్తెనపల్లి దగ్గరి పల్లెలో కాపురముంటున్న ట్రక్కు ఆటో డ్రైవరు బుడాన్ చేసుకొను విన్నపము.

విషయం: మిరపకోత కూలీల ఆటో బోల్తాపడిన కేసులో తమరు ఇచ్చిన నివేదికను సవరించి, నా లైసెన్సు నిలబెట్టుట గురించి.

అయ్యా,

1. నేను ముఠా మేస్త్రి శశిభూషణ్ గారి ఆటోలో ఆడకూలీలను మిరపచేలకు చేరవేయుచుంటిని. నా భార్య మాబూబీ కూడా ఆ ముఠాలోని కూలీయే.

2. సదరు ఆటోకు పోయిన ఏడు వేసిన టైర్లు మెత్తనివి. రోడ్డును బాగా పట్టుకునేవి గాని ఒక్క కోతల కాలానికే అరిగిపోయినవి. శశిభూషణ్ గారు వాటిని తీయించి, ఎంత తిరిగినా అరగనివి, డీజిలు ఆదా చేసేవి వేయించారు. బండి నిజంగానే తేలిగ్గా దొర్లింది. కానీ కుళాయి నీళ్లు పారిన సిమెంటు రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆగవలసిన చోట ఆగలేదు. ఆ మాట ఆయనతో చెప్పితిని.

"నువ్వేమన్నా కొండెక్కిస్తున్నావంటరా బుడానూ? మైలేజీ చూడు, ఎట్టా వస్తందో!" అన్నారు.

3. ప్రమాదం జరిగిన పొద్దున అకాల వాన తుంపర మొదలైంది. నెలల తరబడి ఎండిన దుమ్ము, నూనె మరకలు తడిసి తారు రోడ్డు జిడ్డుగా ఉన్నది. చప్టా మలుపులో గేదె అడ్డం వచ్చినది. నేను వేగంగా లేను. బ్రేకు తొక్కితిని. చక్రాలు ఆగినవి, బండి ఆగలేదు. పక్కకు జారుకుంటూ పోయి కాలవలో బోర్లాపడింది. వెనక తలుపు దగ్గర కూర్చున్న నా భార్య బండి కింద పడినది. తక్కినవారు దెబ్బలతో బయటపడ్డారు. అందరం కలిసి బండిని ఎత్తి ఆమెను బయటకు లాగితిమి. తుంటి ఎముక విరిగినది. ఇక చేలో వంగి కోత కోసే పని ఆమె వల్ల కాదని డాక్టరు చెప్పారు.

4. ఈ అంశం విషయానికి సంబంధించినది కాదని నాకు తెలుసు. ఆస్పత్రి మంచం మీద నుంచే ఆమె పోలీసు వారికి, "మా ఆయన మెల్లగానే తోలాడయ్యా" అని చెప్పినది. పెళ్లాం కాక ఇంకెవరు చెబుతారని నవ్వి, నా మీదనే నిర్లక్ష్యం కేసు రాసుకున్నారు.

5. తమరు బండిని తనిఖీ చేసి, టైర్ల గాట్ల లోతు కొలిచి, "టైర్లు కొత్తవాటి మాదిరే ఉన్నవి, బండిలో లోపం లేదు" అని రాశారు. బండిలో లోపం లేకపోతే లోపం నాదే అయినది.

ఆ రోజు తమ ఆఫీసు గేటు దగ్గర తమరి కాళ్లు పట్టుకున్నాను. తమరు నన్ను లేపి, కోప్పడకుండా విడమరచి చెప్పారు. మెత్తటి రబ్బరు రోడ్డు గరుకులోకి దిగి పట్టుకుంటుందని, దొర్లేటప్పుడు నలిగి డీజిలు ఎక్కువ తాగుతుందని, త్వరగా అరుగుతుందని అన్నారు. గట్టి రబ్బరు నలగదు, అందుకే తేలిగ్గా దొర్లుతుంది, అరగదు, తడి రోడ్డును పట్టుకోదు అన్నారు. మంచి కంపెనీలు మూడు గుణాలూ కుదిరేటట్టు చేస్తాయి గాని ఇవి ఆ రకం కావన్నారు.

"మరి ఆ ముక్కే రాయండయ్యా" అన్నాను.

"గాటు లోతు కొలిచే పనిముట్టు నా దగ్గరుంది బుడానూ. తడిలో పట్టు కొలిచేది లేదు. కొలవనిది ఎట్టా రాసేది?" అన్నారు.

అయ్యా, రోడ్డును పట్టుకోలేదు కనుకనే ఆ టైరు అరగలేదు. అరగలేదు కనుకనే నేను నేరస్తుడినయ్యాను. ఇందులో నా వైపు నుంచి నేను చేయగలిగింది ఏమున్నదో నాకు తెలియుట లేదు. స్టేషనులో తమరి కాగితం చూపుతున్నారు. తమరేమో కొలతను చూపుతున్నారు. లైసెన్సు పోతే నాకు వేరే పని రాదు.

6. కావున తమరు నోటితో చెప్పినది కాగితం మీద ఒక్క వాక్యం రాయవలసినదిగా, లేదా ఆ బండిని తడి రోడ్డు మీద తమరే ఒక్కసారి తోలి చూడవలసినదిగా వేడుకొనుచున్నాను. పేదవాని మొర దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
దిక్కుతోచని తమ విధేయుడు,
బుడాన్

తా.క.: అయ్యా, ఇది తమ ఆఫీసు వరండాలోనే కూర్చుని రాశాను. ఇప్పుడు బయట చినుకులు పడుతున్నాయి. ఆ ఆటోకి కొత్త డ్రైవరును పెట్టారు, టైర్లు అవే. వాళ్లమ్మ బదులు మా అమ్మాయి రుక్సానా ఈ పొద్దున అందులోనే కోతకెళ్లింది. వద్దంటే, "నువ్వేమో ఇంట్లో, అమ్మేమో మంచంలో. ఎవరు పోవాలి నాన్నా?" అంది. వాన పడితే కోత ఆపి కూలీల్ని వెనక్కి పంపుతారు. ఈపాటికి బయల్దేరి ఉంటారు. పిల్ల ఫోను ఎత్తట్లేదు. శశిభూషణ్ గారు నా ఫోను ఎత్తరు, తమరు చేస్తే ఎత్తుతారు. నా లైసెన్సు ఏమైనా చేసుకోండి. బండిని ఎక్కడుంటే అక్కడ ఆపమనండయ్యా. తమరు భోజనానికి వెళ్లారంట, కాగితం బల్ల మీద పెట్టి పొమ్మంటున్నారు గుమాస్తా గారు. నేను పోను. గేటు దగ్గరే నిలబడి ఉంటాను.