స్నానాల గదికి సున్నం

నర్సీపట్నం,
18-9-1983

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఎనామిల్ పెయింటు వాసనకి మీకు ఆయాసం వచ్చి, పాయకరావుపేటలో వదిన దగ్గరికి వెళ్లి రెండు నెలలైంది. స్నానాల గదికి సున్నం చాలమ్మా అని మీరంటే, పాతకాలపు మాటని తీసిపారేసింది నేనే. ఆ పెయింటు చెమ్మకి అప్పడంలా పొంగి ఊడిపోయింది. మీ అబ్బాయీ నేనూ రెండు ఆదివారాలు కూర్చుని మిగిలింది గీకేశాం.

తరవాత, మీరు ముందు గదికి చేసినట్టే, సున్నంలో గంజి కలిపి వేశాను. వారం తిరక్కుండా గోడంతా నల్లగా బూజు పట్టింది. మన పనిమనిషి అప్పయమ్మ చూసి, "తడి గోడకి గంజేటమ్మా? పెద్దమ్మగారు మరేటో కలిపీవోరు" అంది. అదేమిటో తనకీ తెలీదట.

గోడ కడిగి ఆరబెట్టాను. కొత్త సున్నం కుండలో నానుతోంది. ఇంట్లో పెయింటు వాసన బొత్తిగా లేదు.

మీరు కలిపేదేమిటో మాత్రం ఉత్తరంలో రాయకండి. రాస్తే నేనే కలిపేసుకుంటాను, మీరు అక్కడే ఉండిపోతారు.

మీ కోడలు