ఇద్దరని చెప్పిన నెల

జూన్ 11, 2001

గర్భపరీక్ష కడ్డీ మీద రెండు గీతలు. సరోజ మూడుసార్లు చూసి, నాకు చూపించి, మళ్ళీ తనే లాక్కుంది. పెళ్ళయి పన్నెండేళ్ళు...

"మూడు నెలలు నిండేదాకా ఎవురికీ చెప్పొద్దు. నోటికి బీగం వేసుకో."

వేసుకుంటానన్నాను. ఆమెకు నమ్మకం లేదు. నాకూ లేదు.

జూన్ 12

అంగడిలో గుండీల పెట్టెలు సర్దుతున్నా. పక్క అంగడి నాగరాజు — "ఏమప్పా, నీలో నువ్వే నవ్వుకుంటాండావు, ఈ పొద్దు ఎవురి కొంప ముంచినావు?"

నిన్న అతని చొక్కా వెనక 'సగం ధర' చీటీ అంటించింది నేనే. మధ్యాహ్నం దాకా దాంతోనే కాటన్‌పేట బజారంతా తిరిగాడు. కాబట్టి అనుమానం న్యాయమే. విషయం నాలుక చివరిదాకా వచ్చింది. వక్కపొడి వేసుకుని దాంతోపాటే మింగేశాను.

జూన్ 18

స్కానింగ్‌కు నీళ్ళు బాగా తాగి రమ్మన్నారు. సీసాన్నర తాగి, బెంచీ మీద బిగదీసుకుని కూర్చుంది సరోజ. "నవ్వించినావంటే ఈడే అయిపోతాది. నోరు తెరవద్దు." ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి చీపురులాంటి మీసం. దాని గురించి ఒక్క మాట అనకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

లోపల డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి — "ఇదొకటి... ఇదిగో, ఇంకొకటి."

"తమాషాకు అంటున్నారా మేడం?" అన్నాను.

"ఇక్కడ తమాషాలు చెయ్యం."

సరోజ నా చొక్కా అంచు పట్టుకుంది. ఆటోలో కూడా వదల్లేదు.

అదే రోజు సాయంత్రం

ఎనభై తొమ్మిది గుర్తొస్తోంది. పెళ్ళయిన నెలకు. వఠారంలో ఒకే గది, ఏడిళ్ళకు ఒకే కొళాయి. నేను తెచ్చిన డజను అరటిపండ్లలో ఒకటి జంటపండు. సరోజకు కనబడకుండా ఒలిచి, ముక్కలు చేసి, గిన్నెలో పెట్టి ఇచ్చాను. సగం తిన్నాక చెప్పాను — జంటపండు తిన్నావు, ఇంక కవలలే నీకు. కొళాయి దగ్గరి ఆడవాళ్ళంతా ఉమ్మెయ్ ఉమ్మెయ్ అని పరుగెత్తుకొచ్చారు. ఈమె నన్నే చూస్తూ, మిగతా సగం కూడా నిదానంగా తినేసింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఆ రోజే అనుకున్నా, నాకు తగ్గదే దొరికిందని.

ఇప్పుడు ఆ మాట ఎత్తితే — "అరగడానికి పన్నెండేళ్ళు పట్టింది."

నాకన్నా పెద్ద దొంగ.

జూన్ 20

ఆపుకోలేకపోయాను. దేవనహళ్ళిలో అన్న ఇంటికి ఫోన్ చేశాను. అమ్మే ఎత్తింది. "అమ్మా, సరోజ నీళ్ళోసుకుంది. ఇద్దరంట."

అమ్మ — "ఒరే, ఆ పొద్దు చేసింది సాలదా? ఆ బిడ్డను ఇంకెన్నిసార్లు ఏడిపిస్తావురా?" ఫోన్ పెట్టేసింది.

తొంభై మూడు, ఏప్రిల్ ఒకటి. సరిగ్గా ఇదే మాట తమాషాకు ఫోన్లో చెప్పాను. సాయంత్రానికల్లా డబ్బా నిండా కజ్జికాయలతో, పచ్చ గాజులతో, పచ్చ చీరతో అమ్మ బస్సు దిగింది. తలుపు తీసింది సరోజ. ఆ ముందురోజే ఆమె బయట చేరి, ఈ నెల కూడా లేదని ఏడ్చి పడుకుంది. నాకు తెలియదు. అడగలేదు, అందుకే తెలియదు. అమ్మ తొడిగిన గాజులు తియ్యలేదు, నాతో మాట్లాడనూ లేదు, తొమ్మిది రోజులు. కజ్జికాయలు మాత్రం నేనే తిన్నాను. ఎవరూ ముట్టకపోతే ఎవరు తినాలి?

జూన్ 22

వేవిళ్ళు. కాఫీ వాసన పడదట. నా ఇంట్లో నేనే దొంగలా మెట్ల మీద కూర్చుని తాగుతున్నాను.

జూన్ 24, ఆదివారం

ఇప్పుడే పేర్లు అనుకోకూడదట. అందుకని 'పెద్దది', 'చిన్నది' అంటోంది. తెర మీద ఒకటి కొంచెం చిన్నగా కనబడింది కదా. "చిన్నది నీ మాదిరి. లోపల కూడా దాక్కునే ఉండాది." ఆ చిన్నదానితోనే ఎక్కువ మాట్లాడుతోంది, వంట చేస్తూ.

జూన్ 29

మళ్ళీ స్కానింగ్. అది అవగానే సరోజ బాత్రూముకు పరుగెత్తింది. ఆ కాస్త సందులో డాక్టరమ్మ గొంతు తగ్గించి — "పెద్దది బాగుంది. చిన్నదాని గుండె మరీ నిదానంగా కొట్టుకుంటోంది. నిలవొచ్చు, నిలవకపోవచ్చు. పది రోజుల తర్వాత చూద్దాం. ఆమె చేసిన తప్పేమీ లేదు. మీరే మెల్లగా చెప్పండి."

సరోజ వచ్చింది. "ఏమంటాండారు?"

"బాగుండారంట."

జూన్ 30

చెప్పాను. చెప్పకూడని సమయంలో, అన్నం దగ్గర. "సరోజా, చిన్నది నీరసంగా ఉండాదంట. నిలుస్తాదో లేదో పది రోజులకు గానీ తెలీదంట."

చెయ్యి ఆగింది. తర్వాత పప్పు కలుపుకుంటూ — "దీంట్లో కూడా నీ ఆటలేనా? సాల్లే. నెయ్యి ఇట్లా ఇయ్యి."

ఒట్టేసి మళ్ళీ చెప్పాల్సింది. నెయ్యి ఇచ్చాను. నమ్మలేదు, బతికిపోయాను అనిపించింది — ఒక్క క్షణం. నా బతుకు.

జూలై 2

నల్ల గుండీలు అడిగినవాడికి తెల్లవి కట్టిచ్చాను. నాగరాజు — "ఒంట్లో బాగలేదా అప్పా? నా మీద ఏమీ చెయ్యక ఇన్ని దినాలాయ. భయమైతాండాది."

జూలై 5

వాన. తొంభై ఒకటిలో వఠారం గది ఇలాంటి వానకే కారింది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీదే. మంచం మధ్యలో మాత్రం కొంచెం పొడి. అక్కడ ఇద్దరం ఇరుక్కుని కూర్చుని, లోపలే గొడుగు పట్టుకుని మిరపకాయ బజ్జీలు తిన్నాం. గిన్నెల చప్పుడుకు సరోజ తాళం వేసింది. ఇంకేం కావాలి అనుకున్నాం. అప్పుడు నిజంగానే ఏమీ అక్కర్లేదు...

ఇప్పుడు కారని ఇల్లు. ఆమె అటు తిరిగి కూర్చుని చిన్నదానితో ఏదో అంటోంది. నాకు వినబడకుండా బయటికి వచ్చాను.

జూలై 8, ఆదివారం

బట్టలు మడత పెడుతూ — "రేపటికి ఆటో కొంచెం ముందే పిలువు." ఆగి — "నువ్వు ఆ పొద్దు చెప్పింది నిజమే కదా."

నేను — "నువ్వు నమ్మలేదు కదా?"

"అబద్ధం చెప్పేటప్పుడు నీకు ఎడమ చెవి ఎర్రబడతాది. పెండ్లైనకాడినుంచి చూస్తాండా. ఆ పొద్దు ఎర్రబడలేదు."

"మరి నెయ్యి అడిగితివి?"

"నమ్మినానంటే నువ్వు ఏడుస్తావు. కంచం ముందర ఏడిస్తే నాకు అన్నం దిగదు కదా. లోపల వాళ్ళకు కావద్దా?"

ఎనిమిది రోజులు. నేను గుండీలు తప్పుగా కట్టిస్తూ తిరిగాను. ఆమె తెలిసే మాట్లాడింది, చిన్నదానితో.

మీ అమ్మకు నేనే ఫోన్ చేసినా అంది. మూడు నెలలు నిండలేదు కదా అన్నాను.

"నిండేదాకా నేను ఎవురి దగ్గర ఏడ్చేది?"

జూలై 9, బెంచీ మీద

సరోజ లోపలికి పోయింది. నన్ను రావద్దంది. "ఏం చెప్పినా నాకే చెప్పమంటా. నువ్వు ఈడే ఉండు." పక్కన అమ్మ, మొదటి బస్సుకే వచ్చి కూర్చుంది. నన్ను ఒక్క మాట తిట్టలేదు. దానికే భయంగా ఉంది.

లోపల డాక్టరమ్మ గొంతు... ఆగింది. సరోజ ఏదో అడుగుతోంది. మళ్ళీ అడుగుతోంది, అదే మాటలా ఉంది. జవాబు వినబడదు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, రాయడం కష్టంగా ఉంది.

తలుపు తీశారు. బల్ల మీద నుంచే సరోజ చేత్తో రమ్మంటోంది. ముఖం చూస్తున్నా. ఇన్నేళ్ళలో ఆమె నా చెవి చూసి పట్టినట్టు ఆ ముఖం చూసి ఏదీ పట్టుకోవడం నేర్చుకోలేదు నేను. రాత ఆపి లోపలికి పోతున్నా —