బావమరిదికి ఏమీ రాయకపోవడానికి కారణం

నరసాపురం వాస్తవ్యుడిని, మున్సబు కోర్టులో బెంచి గుమస్తాగా రిటైరైనవాడిని, డెబ్బై తొమ్మిదేళ్ల కొల్లాబత్తుల ఏసుపాదం అనే నేను, ముప్పై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల వీలునామాలు చదివి నవ్వుకున్నాక, ఇప్పుడు నాది రాస్తున్నాను. మతి బాగుంది. డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. నా బావమరిది జయపాల్ దాన్నీ నమ్మడని తెలుసు.

1. ఇల్లు, మూడు బీరువాల పుస్తకాలు నా కూతురు రెబెక్కాకి. ఈ వీలునామా అమలు జరిపించేదీ ఆమే. పుస్తకాల అంచుల్లో నేను రాసిన తిట్లు చెరపకూడదు.

2. నా భార్య జ్ఞానమ్మ నాలుగేళ్లు కూర్చుని అల్లిన లేసు టేబుల్ క్లాత్ జయపాల్ కూతురు ఆశాజ్యోతికి. ఒక మూల అల్లిక మిగిలిపోయింది. దాన్ని ఎవరిచేతా పూర్తిచేయించవద్దు.

3. మా పాస్టరు రాజేంద్రగారికి, కవర్లు విప్పే నా ఇత్తడి కత్తి. కారణం రాయక తప్పదు. "ఏవండీ, మళ్లీ ఊపిరాడకపోతే నాకు గొట్టాలు పెట్టనివ్వకండి" అని జ్ఞానమ్మ నాతో అనేది. అదే మాట కాగితం మీద రాసి, కవరు అంటించి, నాకు చెప్పకుండా, భద్రంగా ఉంటుందని పాస్టరుగారికి ఇచ్చింది. ఆయన ప్రార్థన మనవి అనుకున్నారు. మా సంఘంలో అలాంటి కవర్లు విప్పరు. బలిపీఠం మీద పెట్టి, లోపల రాసింది నెరవేరాలని ప్రార్థిస్తారు. ఆమె ఆసుపత్రిలో ఉండగా సంఘమంతా ఆమె బ్రతకాలని మోకరించింది. అదే పూట, ఆ కవరులోది నెరవేరాలని కూడా మోకరించింది. సమాధి కార్యక్రమం అయిన మూడో వారానికి కవరు నా చేతికొచ్చింది.

4. జయపాల్‌కి ఏమీ లేదు. భీమవరం ఆసుపత్రిలో వెంటిలేటరు తీసేయమని నేను అడిగితే, "మా అక్క పోవాలని మీకు అంత తొందరేంటండి బావగారూ? ఆవిడ రాసిన కాగితం ఉంటే చూపించండి" అని కోర్టుకెక్కాడు. నా దగ్గర కాగితం లేదు. ఇరవై ఆరు రోజులు వాయిదాలు నడిచాయి. తీర్పు రాకముందే జ్ఞానమ్మ ఎవరి అనుమతీ అడగకుండా వెళ్లిపోయింది. కవరు విప్పిన రోజు జయపాల్ మా అరుగు మీద కూర్చుని, ఆ కాగితం మూడుసార్లు చదివి, కాఫీ తాగి వెళ్లాడు. నేను క్షమించలేదు. ఆ కాఫీలో పంచదార కూడా వేయలేదు.

5. వీలునామా మనిషి పోయాక తెరుస్తారు. బ్రతికుండగా అక్కరకొచ్చే సంగతి ఇందులో రాయడం తెలివితక్కువ. నాకు వైద్యం ఎక్కడ ఆపాలో వేరే కాగితం రాసి, నోటరీ చేయించి, ఒక ప్రతి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాను. కవరు అంటించలేదు. నాకు మాట పడిపోతే నా తరఫున మాట్లాడే మనిషిగా అందులో జయపాల్ పేరు రాశాను. రెబెక్కా అయితే ఏడుస్తుంది. జయపాల్‌ని ఏ డాక్టరూ ఓడించలేడు, నేనే ఓడించలేకపోయాను. ఒప్పుకుంటావా అని అడిగితే, నేల చూస్తూ, "మిమ్మల్ని పోనివ్వమని కోర్టుకైనా వెళ్తానండి బావగారూ" అన్నాడు.

రేపు జడ్జిగారు "ఈయన పోతే నీకేం వస్తుంది?" అని అడిగితే, ఏమీ రాదని అతను తలెత్తి చెప్పాలి. నాలుగో క్లాజుకి అసలు కారణం అది. ఏమీ ముట్టనివాడు కనుక సాక్షి సంతకానికీ పనికొస్తాడు. ఈ ఉదయం పిలిపించాను. కాఫీలో పంచదార వేయమని రెబెక్కాకి చెప్పాను.

నరసాపురం, 17 నవంబరు 2025.

(సంతకం) కొల్లాబత్తుల ఏసుపాదం

సాక్షులు:
1. చంద్రరావు, రిటైర్డ్ పోస్టుమాస్టరు, పక్కింటివాడు
2. జయపాల్, బావమరిది. మొత్తం విప్పి చదివాను.